సత్తు

గాజువాక ఆటోనగర్‌లో
లారీ బాడీలు కట్టే వరస చివర మా షెడ్డు.
బేరానికొచ్చినవాళ్ళు ముందు ఇంజనెంతని అడుగుతారు.
ఒలిసి మరిడమ్మ అడగలేదు.
నెత్తి మీది సత్తు బేసిను దించి
బోటు పక్కన పెట్టి
రెండిటినీ వేలి కణుపుతో కొట్టి వింది.

"ఇది పల్చన" అంది, నా మూడు మిల్లీమీటర్ల బోటుని.
"సత్తని పేరెట్టుకున్నాక సత్తువుండాల కదా బాబూ."

ముప్పై ఏళ్ళు చేపలు మోసిన బేసిను.
అడుగంతా సొట్టలు. ఒక్క చిల్లు లేదు.
కారేదల్లా పిడి దగ్గరే, మేకులు వదులైన చోట.
"మేకులేసింది నాకొద్దు.
ఎప్పుడికైనా మేకు కాడే కారిపోద్ది.
అతుకేసిందే గావాల."

"ఏ నీళ్ళలో తిప్పుతారు?" అన్నాను.
మరిది గురువులు నోరు విప్పేలోగా తనే చెప్పింది.
తెల్లారగట్ట భీమిలి మొగ దాటాలి.
ఏరు బయటికి తోస్తుంటే సముద్రం లోపలికి తోస్తుంది,
మధ్యలో కెరటం నిలువుగా లేచి కూలబడుతుంది.
దాటితే కోనాం వేట.
ఎండెక్కి పోటు తీశాక గోస్తనిలో పీతలకి,
మోకాలి లోతు, బురద, బురదలో ఆల్చిప్పల అంచులు.
భాద్రపదంలో ఎర్రనీళ్ళు,
వాటితో కొట్టుకొచ్చే దుంగలు.
"మూడు నీళ్ళు బాబూ.
మూడు బోట్లు కొనీ డబ్బు గాదు నాది."

కత్తిలా కోసిన అడుగైతే
కెరటంలో మెత్తగా దిగుతుంది, ఏట్లో నేలకానుతుంది.
పళ్ళెంలా చదునైతే ఏట్లో బాతు,
సముద్రంలో మాత్రం వెన్నుపూసలు లెక్కపెడుతుంది.
చెప్పుకుపోతున్నాను.
మరిడమ్మ రెండు అరచేతులూ దగ్గరికి చేర్చింది,
వేలికొసలు బిగించి, మణికట్లు విడదీసి.
"ముందు ఇలాగ. ఎనక ఇలాగ."
నా డ్రాయింగులో డిగ్రీలేసి
మూడుసార్లు చెరిపి గీసుకున్నది అదే.

"ఐదు మిల్లీల అడుగైతే బరువెంత?"
"ఇద్దరు ఇసకలో ఈడ్చగలరు."
"ముగ్గురనుకుందాం. మా గురువులు సగం మనిషే."

అలాంటివి తయారుగా రెండున్నాయి,
ఒకటి నేనతికింది, ఒకటి మా కుర్రాడు కొర్లయ్య అతికింది.
నా అతుకు చూపించాను. వంజరం పొలుసుల్లా వరస తప్పలేదు.
"అందం సరే" అంది.

ముగ్గుపిండి నీళ్ళలో కలిపి
బయట అతుకుల మీద పూయబోతే
గుడ్డ నా చేతిలోంచి లాక్కుంది.
ఒక్క పూత. ఎక్కడా చెయ్యి ఆగలేదు.
లోపలి వైపు కిరసనాయిలు రాసి
టీలు తెప్పించాను.

కొర్లయ్య బోటు తెల్లగానే ఉంది.
నా బోటు ముక్కు కింద
ఆవగింజంత తడి.
టీ అయ్యేసరికి కందిగింజంత.

ఇరవై రెండేళ్ళ చెయ్యి నాది.
కొర్లయ్య గ్లాసులు కడిగే వంకన బయటికి పోయాడు.
గ్రైండరు పెట్టి ఆ చోటు తవ్వి, మళ్ళీ అతికాను,
మళ్ళీ ముగ్గు, మళ్ళీ కిరసనాయిలు. తెలుపు.
"అయినా ఆ రెండోది తీసుకోండి" అన్నాను.

"ఇదే ఇయ్యి. దీని గుట్టు తెలిసింది.
దానిదింకా తెలవదు."

నీళ్ళకి దింపే రోజు పిలిస్తే భీమిలి వెళ్ళాను.
తాత తెప్పకి కట్టినట్టే
గురువులు ముక్కుకి రాగి పైసా కట్టబోయాడు.
వద్దన్నాను. ఉప్పునీళ్ళలో రాగి సత్తుని తినేస్తుంది,
ఒక్క పైసా చాలు.
శకునం చెడగొట్టినవాణ్ణి చూసినట్టు
ఒడ్డంతా నన్నే చూసింది.
మరిడమ్మ పైసా అందుకుని బొడ్లో దోపుకుంది.
"నా కాడుంటే గంగమ్మకి కనపడదేటి?"

మొగ దగ్గర మొదటి కెరటానికి ముక్కు లేచింది.
నా కళ్ళు ఆ అతుకు మీదే.
ఆవిడ బేసిను బోర్లించి దాని మీద కూచుని
ఈ పూట కోనాం ధరెంత పలుకుతుందో
వేళ్ళ మీద లెక్కేస్తోంది.